ఎఫ్ఐఆర్ క్వాష్, ఖాతాల డీఫ్రీజ్: హైకోర్టులో ఒక్క పిటిషన్ సరిపోతుందా?

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ విషయం. చర్లపల్లిలో ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు తయారుచేస్తుంది. సికింద్రాబాద్ బిల్డర్ ఒకరు రెండు విడతల్లో 42 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు. 27 లక్షల 60 వేల సరుకు చేరింది. మధ్యలో డ్రాయింగులు మార్చమన్నారు, రేటు దగ్గర తేడా వచ్చింది, మిగతా సరుకు ఆగిపోయింది. ఆయన కేసు పెట్టారు. బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 318(4), 316(2). నిందితుల వరసలో ఏ1 కంపెనీ, ఏ2, ఏ3 డైరెక్టర్లు. మూడు రోజుల్లో మూడు ఖాతాలూ ఫ్రీజ్. కరెంట్ ఖాతాలో 52 లక్షలు, జీతాల ఖాతాలో 9 లక్షలు ఉన్నాయి. మూడోది సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే బ్యాంకు పెట్టిన హద్దు వరకు అప్పు తీసుకునే) ఖాతా, లిమిట్ కోటిన్నర, అందులో 1.12 కోట్లు వాడేశారు.

క్వాష్ (ఎఫ్ఐఆర్ కొట్టేయమనే పిటిషన్) వేస్తే ఖాతాలు వాటంతట అవే తెరుచుకుంటాయా? ఒకటో తారీఖున జీతాలు, 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీ ఉన్నాయి.

నాంపల్లి_గుమాస్తా | సోమవారం 10:40

తెరుచుకోవన్నా. గవి రెండూ వేర్వేరు పంచాయితీలు. ఎఫ్ఐఆర్ కొట్టేయమనేది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ జాగల వచ్చిన చట్టం) 528 కింద క్రిమినల్ పిటిషన్, పాత 482 అన్నట్టు. ఖాతాల ముచ్చటకు ఇంకో దారి ఉంటది. క్వాష్‌లో నోటీసు అయ్యి, పీపీ (సర్కారు క్రిమినల్ వకీలు) టైం అడిగి, కంప్లైనెంట్ కౌంటరేసి, వాదనలయ్యే వరకు నీ జీతాల తారీఖు ఎన్నిసార్లు పోతదో లెక్కలేదు.

ముందుగాల పోలీసు బ్యాంకుకు రాసిన లెటర్ కాపీ తీయి. ఏ సెక్షన్ రాసిండ్రు, ఎంత పైసకు రాసిండ్రు, ఏ ఖాతాలు రాసిండ్రు. ఈ మూడు తెలవకుండ వకీలు దగ్గరకు పోతే ఆయన గూడ గాలిలనే డ్రాఫ్ట్ చేస్తడు. ఎఫ్ఐఆర్ కాపీ తెలంగాణ పోలీసు సైట్ల దొరుకుతది. అప్‌లోడ్ చేయాలని 2016ల సుప్రీంకోర్టు చెప్పింది, కొన్ని సున్నితమైన కేసులు తప్ప.

సెక్షన్_పురుగు | సోమవారం 11:25

లెటర్‌లో ఉండే సెక్షన్‌ను బట్టి వెళ్లాల్సిన దారి మారిపోతుంది. బీఎన్ఎస్ఎస్ 106 (పాత 102) అని ఉంటే పోలీసు సొంతంగా చేసిన జప్తు. బ్యాంకు ఖాతా కూడా జప్తు చేయదగ్గ ఆస్తేనని 1999లో తాపస్ నియోగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి అధికారమే లేదని వాదించి లాభం లేదు. కానీ ఆ ఖాతాకూ నేరానికీ నేరుగా ముడి ఉండాలి. 52 లక్షల్లో ఎంత ఈ బిల్డర్ డబ్బు అన్నదే ప్రశ్న.

107 అని ఉంటే కథ వేరు. ‘నేరం ద్వారా వచ్చిన ఆస్తి’ అని జప్తు చేయాలంటే పోలీసు ఎస్పీ లేదా కమిషనర్ అనుమతి తీసుకుని కోర్టుకే వెళ్లాలి, కోర్టు 14 రోజుల గడువుతో షోకాజ్ నోటీసు ఇవ్వాలి. బ్యాంకుకు ఒక మెయిల్ కొట్టి ఇదంతా దాటేయడం కుదరదు. లెటర్ పైన 106 అని వేసి, కింద కారణంలో ‘నేరం ద్వారా వచ్చిన సొమ్ము’ అని రాస్తే అది పట్టుకోదగ్గ పాయింటే. కొన్ని హైకోర్టులు ఈ తేడా మీదే ఫ్రీజ్‌లు ఎత్తేశాయి.

ఈడీ చేస్తే పీఎంఎల్ఏ (మనీలాండరింగ్ చట్టం) 5 లేదా 17, జీఎస్టీ వాళ్లు చేస్తే జీఎస్టీ చట్టం సెక్షన్ 83. వాటి గడువులూ అప్పీళ్లూ వేరు.

గచ్చిబౌలి_గణపతి | సోమవారం 11:50

ఇంత దూరం ఎందుకండీ. జప్తు చేసిన వెంటనే మేజిస్ట్రేట్‌కు రిపోర్ట్ పంపాలి. పంపకపోతే ఫ్రీజ్ చెల్లదు. ఆ ఒక్క పాయింట్‌తో పని అయిపోతుంది.

సెక్షన్_పురుగు | సోమవారం 12:05

గణపతి గారూ, ఆ పాయింట్ 2024 మే దాకా కొన్ని హైకోర్టుల్లో నడిచింది. షెంటో వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని మూసేసింది. రిపోర్ట్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో జప్తు రద్దు కాదు. ఆలస్యానికి కారణం ఉందా లేదా చూడాలి, లేకపోతే ఆ అధికారి మీద శాఖాపరంగా చర్య ఉండొచ్చు, జప్తు మాత్రం నిలుస్తుంది. ఇప్పటికీ పాత తీర్పులు కాపీ పేస్ట్ చేసిన పిటిషన్లు వస్తున్నాయి. పీపీ లేచి ఆ ఒక్క తీర్పు చదివితే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

రిపోర్ట్ వెళ్లిందా లేదా అన్నది మాత్రం తప్పక కనుక్కోవాలి. ఫ్రీజ్ సంగతి మేజిస్ట్రేట్ రికార్డులోకి ఎక్కితేనే అక్కడ బీఎన్ఎస్ఎస్ 503 (జప్తు ఆస్తిని తిరిగి ఇమ్మనే) అప్లికేషన్ సాఫీగా నడుస్తుంది.

డెబిట్_క్రెడిట్ | సోమవారం 1:30

బ్యాంకు వైపు సంగతి నేను చెబుతాను. ‘ఫ్రీజ్’ అని అందరూ ఒకే మాట వాడతారు గానీ సిస్టంలో మూడు రకాలు. డెబిట్ ఫ్రీజ్ అయితే డబ్బు లోపలికి వస్తుంది, బయటికి పోదు. టోటల్ ఫ్రీజ్ అయితే రావడమూ ఉండదు, కస్టమర్ పంపిన ఆర్‌టీజీఎస్ తిరిగి వెళ్లిపోతుంది. లియన్ అంటే పలానా మొత్తం వరకే పట్టు, దాని పైన ఉన్నది వాడుకోవచ్చు. కంపెనీ కోర్టును అడగాల్సింది ఈ మూడోదానికి మార్చమని. లెటర్‌లో మొత్తం రాయకుండా ‘ఖాతాను ఫ్రీజ్ చేయగలరు’ అని ఉంటే బ్రాంచి వాళ్లు భయంతో టోటల్ పెట్టేస్తారు. ఏది పెట్టారో రాతపూర్వకంగా అడగండి.

సీసీ ఖాతా గురించి ఎవరూ అడగలేదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అందులో కంపెనీ డబ్బు లేదు. 1.12 కోట్లు కంపెనీ బాకీ, మిగిలిన 38 లక్షలు బ్యాంకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. అప్పు తీసుకునే వీలును ‘నేరపు సొమ్ము’ అని ఎలా జప్తు చేస్తారు? ఇదే వాదన జీఎస్టీ జప్తుల్లో గుజరాత్ హైకోర్టు ఒప్పుకుంది. పైగా టోటల్ ఫ్రీజ్ ఉండి 90 రోజులు వరుసగా ఒక్క క్రెడిట్ కూడా పడకపోతే ఖాతా ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’ కింద ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. కేసు గెలిచినా ఆ మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఉంటుంది. పిటిషన్‌లో ఈ 90 రోజుల లెక్కను తేదీతో సహా రాయండి. అత్యవసరం అని పది పేరాలు రాసేకంటే ఈ ఒక్క తేదీ ఎక్కువ పని చేస్తుంది.

నాంపల్లి_గుమాస్తా | సోమవారం 1:48

సీసీ అంటే బ్యాంకోళ్లకు క్యాష్ క్రెడిట్, హైకోర్టు కాపీ సెక్షన్ల సర్టిఫైడ్ కాపీ, నాంపల్లి కోర్టుల క్యాలెండర్ కేస్. అకౌంటెంట్ ఫోన్ చేసి ‘సీసీ వచ్చిందా సార్’ అంటే ముగ్గురికి మూడు తీర్ల గుండె ఆగుతది.

లెడ్జర్_అక్క | సోమవారం 3:10

నంబర్ల పని కంపెనీ ఈరోజే మొదలుపెట్టాలి. ఎఫ్ఐఆర్‌లో 42 లక్షలు ఉంది కదా, అసలు వివాదం 14 లక్షల 40 వేలే. దాన్ని కోర్టుకు ఒక్క పేజీలో చూపించాలి. ఎడమ వైపు బిల్డర్ నుంచి వచ్చిన రెండు జమలు: తేదీ, యూటీఆర్ (బ్యాంకు బదిలీ గుర్తింపు) నంబర్, ఏ ఖాతాలో పడ్డాయి. కుడి వైపు సరుకు: ఇన్‌వాయిస్ నంబర్, ఈ-వే బిల్లు నంబర్, సైట్‌లో సంతకం పెట్టిన డెలివరీ చలాన్. ఆ ఇన్‌వాయిస్‌లు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్)లో ఎక్కి ఉంటే బిల్డర్ వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారేమో కూడా చూడండి. సరుకే రాలేదని ఫిర్యాదు, క్రెడిట్ మాత్రం తీసుకున్నారంటే ఆ కాగితమే వాదిస్తుంది.

కింద చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, యూడీఐఎన్ (సీఏ సర్టిఫికెట్‌కు ఉండే గుర్తింపు) నంబర్‌తో. యూడీఐఎన్ లేని సర్టిఫికెట్ పెట్టి పరువు పోగొట్టుకోవద్దు.

ఇంకోటి: రెండు జమలూ కరెంట్ ఖాతాలోనే పడ్డాయా? అయితే జీతాల ఖాతాలోకీ, సీసీలోకీ ఈ డబ్బు వెళ్లలేదని స్టేట్‌మెంట్‌తో చూపించొచ్చు. ఒక్కసారైనా అటు బదిలీ అయి ఉంటే దాచకండి. అవతలి వాళ్లు పట్టుకుంటే మిగతా పేజీలన్నీ అనుమానంగా చూస్తారు.

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం 4:02

రెండూ కరెంట్ ఖాతాలోనే అక్కా. జీతాల ఖాతాకు నెలనెలా అక్కడి నుంచే బదిలీ ఉంది. ఇప్పుడు మేజిస్ట్రేట్ దగ్గరికా, నేరుగా హైకోర్టుకా?

నాంపల్లి_గుమాస్తా | సోమవారం 5:15

అయితే జీతాల ఖాతా శుద్ధం అని రాయొద్దు. ‘రోజువారీ వ్యాపారంల బదిలీ, అప్పటికి ఏ ఫిర్యాదు లేదు’ అని రాయి.

మేజిస్ట్రేట్ దగ్గర 503 కింద అప్లికేషన్ సస్తాగ అయితది, కానీ పోలీసు కౌంటర్ కోసం ఎదురుచూసుడే. హైకోర్టుల రాజ్యాంగం ఆర్టికల్ 226 రిట్ అయితే తొందరగ వినొచ్చు, గానీ ‘కింద రెమెడీ ఉంది కద, అక్కడికి పో’ అనే ప్రమాదం ఉంది. అందుకే కొందరు ముందు మేజిస్ట్రేట్ దగ్గర వేసి, తారీఖు మీద తారీఖు పడ్డదని చూపి హైకోర్టుకు పోతరు. జీతాల తారీఖు నెత్తి మీద ఉంటే నేరుగ రిటే. పొద్దున జడ్జిగారి ముందల మెన్షన్ చేసి లంచ్ మోషన్ అడగాలె. అనుమతిస్తే అదే దినం మధ్యాహ్నం వింటరు.

రిట్‌ల ఎవరెవర్ని పార్టీలు చేయాలె: హోం శాఖ, కమిషనర్, ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ పెద్ద), బ్యాంకు బ్రాంచి, ఫిర్యాదుదారు. బ్యాంకును వదిలితే ఆర్డర్ వచ్చినంక ‘మేము పార్టీ కాదు’ అంటది. ఫిర్యాదుదారును వదిలితే ఆయన ఆర్డర్ ఎత్తేయమని వెకేట్ పిటిషన్ ఏసుకొని వస్తడు. రిట్ల కాపీ జీపీ హోం (హోం శాఖ సర్కారు వకీలు) ఆఫీసుకు, క్రిమినల్ పిటిషన్ కాపీ పీపీ ఆఫీసుకు. ఒకటి తెచ్చి ఇంకోచోట ఇచ్చి ‘సర్వ్ అయింది’ అనుకుంటే స్క్రూటినీల రిటర్న్ అయితది.

బోర్డు రిజల్యూషన్ మర్వొద్దు. ఏ1 కంపెనీ తరఫున ఎవరు సంతకం పెడతరో తారీఖుతో, కేసు వివరంతో ఉండాలె. ‘అన్ని కోర్టు పనులకు’ అని రెండేండ్ల కింద చేసిన పాత రిజల్యూషన్ పెడితే వాపస్ వస్తది.

డ్రాఫ్ట్_చూపించు | సోమవారం 7:20

ప్రార్థన (కోర్టును ఏం ఇమ్మని అడుగుతున్నామో చెప్పే భాగం) దగ్గర చాలా పిటిషన్లు తప్పుతాయి. ‘ఖాతాలు డీఫ్రీజ్ చేయించండి’ అని ఒకే వాక్యం రాస్తే కోర్టుకు ఇవ్వగలిగింది అవును లేదా కాదు, అంతే. మధ్యలో మెట్లు పెట్టండి. పిటిషన్ తేలేదాకా కరెంట్ ఖాతాలో 14,40,000 రూపాయలకు లియన్ ఉంచి మిగిలినదంతా వాడుకోనివ్వమని. అది కాదంటే, 14,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి రసీదు కోర్టుకు అప్పజెబుతామని, లేదా బ్యాంకు గ్యారంటీ ఇస్తామని. అదీ కాదంటే, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ, టీడీఎస్, జీఎస్టీ మొత్తాలను బ్యాంకే నేరుగా చెల్లించేలా ఆదేశించమని. దానికి చలాన్లూ జీతాల పట్టికా జతచేయాలి, పట్టిక మొత్తం పోయిన మూడు నెలల సగటుతో సరిపోవాలి. హఠాత్తుగా ఈ నెలే డైరెక్టర్ జీతం పెరిగి కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు.

సీసీ ఖాతాకు వేరే పేరా, వేరే ప్రార్థన. పైన డెబిట్_క్రెడిట్ గారు చెప్పిన కారణం మిగతా రెండు ఖాతాలకు వర్తించదు, కలిపేస్తే బలహీనమవుతుంది.

గచ్చిబౌలి_గణపతి | సోమవారం 8:05

14.40 లక్షలు పక్కన పెడతామంటే బాకీ ఒప్పుకున్నట్టు కాదా?

డ్రాఫ్ట్_చూపించు | సోమవారం 8:18

మంచి ప్రశ్న. ‘హక్కులకు భంగం లేకుండా, బాకీని అంగీకరించకుండా’ అన్న మాట అఫిడవిట్‌లోనూ ప్రార్థనలోనూ రెండు చోట్లా ఉండాలి. ఆర్డర్‌లో కూడా ఆ మాట రికార్డు చేయమని అడగాలి. అలా అడగకుండా బయటికొచ్చేస్తే రేపు కమర్షియల్ కోర్టులో ఆ ఆర్డరే బిల్డర్ చేతిలో ఎగ్జిబిట్ (సాక్ష్యం).

సెక్షన్_పురుగు | మంగళవారం 9:30

ఇక క్వాష్. ఇక్కడ సెక్షన్ల ఎంపికే ఫిర్యాదుకు బలహీనత. 318(4) మోసం, 316(2) నమ్మకద్రోహం. మోసం అంటే మొదటి రోజు నుంచే దురుద్దేశం. నమ్మకద్రోహం అంటే ముందు సక్రమంగా అప్పగించి, తర్వాత దారి మళ్లించడం. ఒకే సంఘటన మీద రెండూ కలిసి ఉండలేవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు అమ్మకంలో ఇచ్చిన అడ్వాన్స్ ‘అప్పగింత’ కాదు కాబట్టి 316(2) ముందు పోతుంది. 318(4)కి జవాబు ఆ 27.60 లక్షల సరుకే. మొదటి నుంచీ ఎగ్గొట్టాలనుకున్నవాడు మూడింట రెండొంతుల సరుకు ఎందుకు పంపుతాడు? డ్రాయింగ్ మార్పు అడిగిన ఈ-మెయిల్‌ను పర్చేజ్ ఆర్డర్ పక్కనే పెట్టండి. ఎఫ్ఐఆర్ ఎప్పుడు కొట్టేయొచ్చో భజన్‌లాల్ తీర్పు (1992) చెప్పిన ఏడు రకాల్లో ఏది వర్తిస్తుందో పేరు పెట్టి రాయండి, ఏడూ ఎత్తి రాయడం దండగ.

డైరెక్టర్లకు వేరే వాదన ఉంది. కంపెనీ చేసిన నేరం కేవలం పదవి వల్ల డైరెక్టర్‌కు అంటదు, ఆయన స్వయంగా ఏం చేశాడో ఫిర్యాదులో ఉండాలి లేదా చట్టమే అలా చెప్పాలి. 2015 నాటి సునీల్ భారతీ మిట్టల్ తీర్పు. ఏ3 ఒక్క మీటింగ్‌కూ రాలేదు, ఒక్క మెయిలూ పంపలేదు అంటే ఆయనకు వేరే పిటిషన్ వేయడం మేలు. అందర్నీ ఒకే పడవ ఎక్కిస్తే అందరూ ఏ2 బరువుతోనే మునుగుతారు.

బిల్డర్ ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) ఎందుకు పోలేదో కూడా ఊహించొచ్చు. 2020 మార్చి 24 నుంచి దివాలా దరఖాస్తుకు కనీస బాకీ కోటి రూపాయలు. 14 లక్షల వాళ్లకు ఆ తలుపు మూసి ఉంది, అందుకే పోలీసు స్టేషన్ తలుపు.

డెబిట్_క్రెడిట్ | మంగళవారం 10:05

318(4) పోవడం ఇంకో కారణానికీ ముఖ్యం. మోసం పీఎంఎల్ఏ షెడ్యూల్‌లో ఉంది, మామూలు నమ్మకద్రోహం లేదు. అది రికార్డులో ఉన్నంత కాలం ఈడీ రావడానికి దారి ఉన్నట్టే. మూల నేరం క్వాష్ అయితే పీఎంఎల్ఏ కేసు నిలవదని 2022లో విజయ్ మదన్‌లాల్ తీర్పు చెప్పింది. ఈ కేసు సైజుకు ఈడీ రాదులే అనుకోవచ్చు, కానీ పిటిషన్ రాసేటప్పుడు మనసులో ఉంచుకోవాలి.

హైదరాబాద్‌లో పెద్ద ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 822 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లను 2012 అక్టోబర్‌లో ఈడీ జప్తు చేసింది. కంపెనీ రిట్ వేసి అదే డిసెంబర్‌లో స్టే తెచ్చుకుంది. కంపెనీ మీద క్రిమినల్ ప్రాసిక్యూషన్‌ను 2014 డిసెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. జప్తు మీద రిట్ మాత్రం 2018 డిసెంబర్ 31న తేలింది. రెండూ వేర్వేరు పిటిషన్లు, వేర్వేరు తేదీలు. మధ్యలో ఆరేళ్లు కాపాడింది ఆ మధ్యంతర స్టే.

గచ్చిబౌలి_గణపతి | మంగళవారం 10:40

స్టే ఆరు నెలలకే పోతుంది కదా?

సెక్షన్_పురుగు | మంగళవారం 10:52

అది 2018 సుప్రీంకోర్టు తీర్పు. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జీల బెంచ్ దాన్ని పక్కన పెట్టింది. స్టే దానంతటదే కాలం చెల్లదు. కానీ ఆర్డర్‌లోనే ‘నాలుగు వారాలు’ అని ఉంటే ఆ గడువు గడువే. పొడిగింపు అడగకుండా ఊరుకుంటే బ్యాంకు సిస్టంలో ఫ్రీజ్ మళ్లీ ఎక్కుతుంది.

నాంపల్లి_గుమాస్తా | మంగళవారం 12:20

క్వాష్‌ల ఇంకో గుంత ఉంది. మొదటి దినమే ‘35(3) నోటీసు పద్ధతి పాటించాలె’ (అరెస్టు బదులు నోటీసిచ్చి పిలుచుడు) అని చెప్పి పిటిషన్ డిస్పోజ్ అయ్యే ఆర్డర్లు వస్తయి. అరెస్టు భయం పోయిందని క్లయింట్ సంబురపడతడు. కానీ పిటిషన్ అయిపాయె, ఎఫ్ఐఆర్ అట్లనే ఉండె, మెరిట్స్ ఎవరూ చూడలె. ఏడేండ్ల దాకా శిక్ష కేసులల్ల ఆ నోటీసు పద్ధతి చట్టంల ఎట్లైనా ఉన్నదే, దానికి హైకోర్టు దాకా పోవుడెందుకు? ‘మెరిట్స్ మీద వినాలె, పెండింగ్ ఉంచండి’ అని వకీలు నోరు తెరిచి అడగాలె.

‘ఏ బలవంతపు చర్య వద్దు’ అని గంపగుత్త ఆర్డర్ మాత్రం ఆశించొద్దు. 2021ల నీహారిక కేసుల కారణం రాయకుండ గట్లిచ్చుడు తప్పని సుప్రీంకోర్టు అన్నది. అంతకు ముందు 2017లనే మన తెలంగాణ నుంచి పోయిన అప్పీలుల, క్వాష్ కాదంటూనే అరెస్టు వద్దనుడు కుదరదని చెప్పిండ్రు.

నోటీసు వస్తే ఎగ్గొట్టొద్దు. పత్రాలకు జాబితా రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్టేషన్ల సంతకం, తారీఖు, ముద్ర ఏయించుకొని తేవాలె. ‘దర్యాప్తుకు సహకరిస్తలేరు’ అని పీపీ చెప్పినప్పుడు గా కాయితం తీసి సూపెట్టాలె.

లెడ్జర్_అక్క | మంగళవారం 2:00

పర్చేజ్ ఆర్డర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉంటే, లీగల్ నోటీసులు నడిచి ఉంటే, సివిల్ దావా ఏదైనా ఉంటే అన్నీ పిటిషన్‌లో చెప్పండి. మనకు వ్యతిరేకంగా ఉన్న నోటీసు కూడా. దాచిన కాగితం అవతలి వాళ్ల కౌంటర్‌లో కనిపించిన రోజు వాదన సగం పోతుంది. మెటీరియల్ పేపర్స్‌లో (జతచేసిన పత్రాల్లో) పేజీ నంబర్లు అఫిడవిట్‌లో చెప్పిన నంబర్లతో కలుస్తున్నాయో ఒకరు కూర్చుని చూడాలి. లంచ్ మోషన్ హడావుడిలో ఇదే తప్పుతుంది.

చర్లపల్లి_ప్యానెల్ | మంగళవారం 3:35

చాలా థాంక్స్. ఒక్కటి మిగిలింది. ఆర్డర్ వచ్చాక బ్యాంకులో ఎంత సేపు పడుతుంది?

డెబిట్_క్రెడిట్ | మంగళవారం 4:10

ఆర్డర్ వచ్చినా ఆలస్యం జరిగేది ఇక్కడే. బ్రాంచి మేనేజర్‌కు కాపీ ఇచ్చి వచ్చేయకండి. చాలా బ్యాంకుల్లో ఫ్రీజ్ ఎత్తే అధికారం కేంద్ర కార్యాలయంలోని నోడల్ లేదా లీగల్ సెల్‌కే ఉంటుంది. బ్రాంచికి చేత్తో, నోడల్‌కు ఈ-మెయిల్‌తో, ఐఓకు (దర్యాప్తు అధికారికి) స్టేషన్‌లో, మూడు చోట్లా ఒకే రోజు ఇవ్వండి. ‘పోలీసు లెటర్ తెండి’ అంటారు. అందుకే ఆర్డర్‌లోనే బ్యాంకుకు నేరుగా ఆదేశం, ఖాతా నంబర్లు, లియన్ మొత్తం అంకెల్లో ఉండాలి. ఖాతా నంబర్‌లో ఒక్క అంకె తప్పు పడినా మళ్లీ సవరణ అప్లికేషనే.

ఎత్తేముందు ఇంకో ఫ్రీజ్ ఉందేమో అడగండి. ఒకే ఖాతా మీద వేరే ఫిర్యాదు నంబర్‌తో రెండో లియన్ ఉంటే మొదటిది పోయినా డబ్బు కదలదు. సైబర్ కేసుల్లో 1930 హెల్ప్‌లైన్ ఫిర్యాదులతో ఇది మరీ ఎక్కువ.

నాంపల్లి_గుమాస్తా | మంగళవారం 4:25

సర్టిఫైడ్ కాపీ అప్లికేషన్ ఆర్డర్ చెప్పిన దినమే ఏయి అన్నా, రెండు కాపీలకు. వెబ్‌సైట్ల కాపీ చూపిస్తే కొన్ని బ్రాంచీలు ఒప్పుకోవు.

డెబిట్_క్రెడిట్ | మంగళవారం 4:31

ఖాతా తెరుచుకున్న రోజే ముందు తిరిగొచ్చిన ఈఎంఐ, నాచ్ మాండేట్‌ల (ఖాతా నుంచి దానంతటదే కోసుకునే చెల్లింపుల) జాబితా చూడండి. బ్యాంకు వాటిని మళ్లీ దానంతటదే పంపదు. రిటర్న్ ఛార్జీలు వెనక్కి ఇవ్వమని ఆర్డర్ కాపీ జతచేసి విడిగా లెటర్ ఇవ్వాలి. సీసీ ఖాతాకు స్టాక్ స్టేట్‌మెంట్ ఈ నెలది వెళ్లిందా? వెళ్లకపోతే ఫ్రీజ్ పోయినా డ్రాయింగ్ పవర్ (సరుకు విలువను బట్టి తీసుకోగల మొత్తం) సున్నా అని చూపిస్తుంది.